సైటులో చోటు

తాటిపాక,
5 నవంబరు 2001.

నా తల్లి హన్నాకి, మీ అమ్మ ప్రభువు పేరున వందనాలు చెప్పి రాసుకుంటున్న సంగతులు.

బాగున్నానని రాయాలి గనక బాగున్నాను. నువ్వెలా ఉన్నావు? ఫోను చెయ్యమంటావు గాని, ఆ ఎస్టీడీ బూతులో ఎర్ర అంకెలు గబగబా తిరుగుతుంటే నాకు నోట మాట రాదు. ఏడుద్దామన్నా బిల్లు అవుతుందని భయం. కాగితమైతే ఎంతసేపు ఏడ్చినా అదే కాగితం. స్త్రీల సమాజంలో నేర్చుకున్న అక్షరాలు నావి, తప్పులుంటే దిద్దుకుని చదువుకో. మీ అన్నయ్య దిద్దేవాడు. "ఊరందరికీ బోర్డులు రాసేవాడి తల్లివి, నీకు దీర్ఘాలు రావేంటే అమ్మా" అని నవ్వేవాడు.

మొన్న సమాధుల పండగ అయ్యింది. అందరూ సున్నాలు వేసుకున్నారు, బంతిపూలు పరుచుకున్నారు, ఎవరి వాళ్ళ దగ్గర వాళ్ళు కూర్చుని కొవ్వొత్తులు వెలిగించుకున్నారు. మీ నాన్న దగ్గర నేనూ ఒకటి వెలిగించేను. రెండోది చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఎక్కడ పెట్టను? నావల మీద పేర్లు రాయడానికని ఐ.పోలవరం వైపు వెళ్ళిన పిల్లాడు ఆ తుఫానుకి పోయి రేపటికి అయిదేళ్ళు. వాడు పేర్లు రాసిన నావలు ముక్కలై కొబ్బరితోటల్లో దొరికేయి. వాడు దొరకలేదు. కొవ్వొత్తి చేతిలోనే కరిగి వేళ్ళ మీద పడింది. పడనిచ్చేను.

సిగ్గు విడిచి యాకోబు గారిని మళ్ళీ అడిగేను. సంఘ పెద్ద గదా, ఆయన ఊఁ అంటే అందరూ ఊఁ అంటారు. "అయ్యా, పోయిన మీ లాజరు సమాధి పక్కన మూరెడు చోటు ఇప్పించండి, ఫిలిప్పు పేరున ఒక రాయి పాతుకుంటాను" అన్నాను. ఆయన నవ్వేరు.

"దేహం లేకుండా గొయ్యి ఏంటమ్మా ఎలీసమ్మా! ఉన్న దేహాలకే చోటు చాలట్లేదు ఇక్కడ. నీకిస్తే రేపు గల్ఫులో ఉన్నోళ్ళు కూడా ముందే ఒక గొయ్యి కొట్టి ఉంచమంటారు."

పక్కనున్నవాళ్ళు కూడా నవ్వేరు. కావాలంటే మీ నాన్న రాతి మీదే వాడి పేరు చెక్కించుకోమన్నారు. ఒకరి పక్క మీద ఇద్దర్ని పడుకోబెడతామా? అయినా "ఆయ్" అని వచ్చేసేను. పెద్దవాళ్ళ ముందు మనకి వచ్చిన మాట అదొక్కటే గదా.

భూమి మీద ఇంత చోటు ఉంది, నా కొడుకు పేరుకి మూరెడు లేదు. అదే నా బాధ. నువ్వు చదువుకున్నదానివి, ఎక్కడైనా ఉపాయం ఉంటే రాయి.

మీ అమ్మ,
ఎలీసమ్మ.


హైదరాబాదు,
18 నవంబరు 2001.

అమ్మకి, హన్నా రాస్తున్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను. యాకోబు గారి మాటలు పట్టించుకోకు. నీకొక మంచి సంగతి చెప్తాను.

నేను బొమ్మల కోర్సులో చేరినప్పుడు "బొమ్మలు అన్నం పెడతాయా" అన్నారు కదా అందరూ. ఇప్పుడు మా యూనివర్సిటీలో సగం డిపార్టుమెంట్లు నా క్లయింట్లే. కెమిస్ట్రీ వాళ్ళ సభకి పోస్టరు వేశాను. గాజు సీసా పక్కన సరస్వతీదేవిని పెట్టమన్నారు, పెట్టాను. లైబ్రరీ వాళ్ళకి 'నిశ్శబ్దం' అని పోస్టరు వేస్తే, అక్షరాలు ఇంకా పెద్దగా అరిచినట్టు ఉండాలన్నారు! అన్నయ్య నేర్పిన అక్షరాలే అమ్మా అన్నీ. 'శ' తలకట్టు వాడు ఎలా తిప్పేవాడో నేనూ అలాగే తిప్పుతాను.

అసలు సంగతి ఇది. ఇక్కడ తుఫానుల మీద పరిశోధన చేసే సెంటరు ఒకటుంది. కేశవరావు సార్ దానికి పెద్ద. వాళ్ళు కొత్తగా సైటు పెడుతున్నారు. ఆ పని మొత్తం నాకే అప్పజెప్పారు. నేను ధైర్యం చేసి అడిగాను, మా అన్నయ్య ఆ తుఫానులోనే పోయాడు, సైటులో వాడికి చోటు కావాలని. సార్ వెంటనే సరేనన్నారు. అదీ ఎక్కడో మూల కాదు, ముందు భాగంలోనే. సైటుకి ఎవరు వచ్చినా ముందు అన్నయ్యే కనిపిస్తాడు. వాడి పేరు వాడి అక్షరాల్లోనే ఉంటుంది.

పని ఇప్పుడే మొదలైంది. 'పని జరుగుచున్నది' అని ముందు బోర్డు పెట్టాను. పార పట్టుకుని మట్టి తవ్వే మనిషి కూడా ఉన్నాడు. రాత్రీ పగలూ ఆగకుండా తవ్వుతూనే ఉంటాడు పాపం!

ఇప్పుడు చెప్పు, మూరెడు చోటు దొరికిందా లేదా?

ముద్దులతో,
హన్నా.


తాటిపాక,
27 నవంబరు 2001.

నా కడుపు చల్లగా చేసిన నా తల్లికి, మీ అమ్మ దీవెనలు.

నీ ఉత్తరం పోస్టాఫీసు అరుగు మీదే చదివి అక్కడే కూర్చుండిపోయేను. పోస్టుమాను "ఏంటి ఎలీసమ్మా, ఎవరు పోయేరు?" అన్నాడు. "ఎవరూ పోలేదండి, పోయినోడికి సైటు వచ్చింది" అన్నాను. హైదరాబాదులో సైటు! అదీ యూనివర్సిటీలో! ఊళ్ళో అందరికీ చెప్పేను. సైటా, అని నోళ్ళు తెరిచేరు. మనవాళ్ళు ఇక్కడ ఇవ్వకపోతే ప్రభువు అక్కడ ఇప్పించేడు.

క్లయింట్లు అన్నావు, అది మాత్రం నాకు భయమేసింది. క్లయింట్లు ప్లీడర్లకి గదా ఉండేది? రాజోలు కోర్టు దగ్గర అలాగే అంటారు. నువ్వేమీ దావాల్లో ఇరుక్కోలేదు గదా? సంతకాలు పెట్టమంటే చదవకుండా పెట్టకు.

కొన్ని జాగ్రత్తలు చెప్తాను, చిరాకు పడకు. వాడి ముఖం తూర్పు వైపు ఉండేలా చూడు, అది మనవాళ్ళ పద్ధతి. వాన వస్తే అక్కడ నీళ్ళు నిలుస్తాయా? అది గట్టిగా కనుక్కో. నీళ్ళలో పోయినవాణ్ణి మళ్ళీ నీళ్ళలో ఉంచలేను. ఆ తవ్వే మనిషికి రాత్రి పూట అన్నమైనా పెడుతున్నారా? పెట్టకపోతే నువ్వు హాస్టలు నుంచి ఒక ముద్ద తీసుకెళ్ళి పెట్టు, నా పేరు చెప్పు.

రాతపని నాకు వదిలెయ్యి. మన పాపారావు మావయ్య ఉన్నాడు గదా, మీ అన్నయ్యకి కుంచె పట్టడం నేర్పినవాడు, ఆయన చేత రాయిస్తాను. అడిగితే "ఆయ్, ఫిలిప్పు పేరు నేను కాక ఇంకెవడు రాస్తాడండి" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఎంత చోటు ఇచ్చేరో కొలత రాయి.

మీ అమ్మ,
ఎలీసమ్మ.


హైదరాబాదు,
10 డిసెంబరు 2001.

అమ్మకి,

నీ ఉత్తరం మా క్లాసులో అందరికీ చదివి వినిపించాను. తవ్వే మనిషికి అన్నం పెట్టమన్నావని చెబితే పడీ పడీ నవ్వారు. నీలో ఇన్ని జోకులు ఉన్నాయని నాకు తెలీదు. నువ్వు నవ్వి అయిదేళ్ళయింది కదా, నాకు ఏడుపు కూడా వచ్చింది.

క్లయింట్లు అంటే కోర్టు కాదు, పని చేయించుకునేవాళ్ళు. భయపడకు.

అన్నయ్య ముఖం కుడివైపుకి తిప్పి పెట్టాను. పటంలో కుడివైపు తూర్పే కదా, నీ మాటే నెగ్గింది. వాన సంగతి అడిగావు. గోడల మీద అంటించే పోస్టర్లు తడుస్తాయి గాని, సైటుని వానా తుఫానూ ఏమీ చెయ్యలేవమ్మా. అదొక్కటీ భయం పెట్టుకోకు.

పాపారావు మావయ్య రాస్తానన్నాడంటే చాలా సంతోషం. అన్నయ్య రాత ఆయన దగ్గర నుంచి వచ్చిందే. కొలత అంటావా, పెద్దది వద్దు. చిన్నగా, జానా బెత్తెడు ఉంటే చాలు. ముఖ్యంగా బరువు ఉండకూడదు. బరువు ఎక్కువైతే సైటు తెరుచుకోవడానికి ఆలస్యమవుతుందని సార్ గొడవ చేస్తారు.

ఒక సాయం కావాలి. అన్నయ్య ఫోటో పంపు. మనకి ఉన్నది ఒక్కటే అని తెలుసు. రిజిస్టరు పోస్టులో పంపు, జాగ్రత్తగా తిరిగి ఇస్తాను. సైటుకీ, సెంటరు వాళ్ళు పెట్టబోయే సభ పోస్టరుకీ రెండింటికీ వాడతాను.

హన్నా.


తాటిపాక,
2 జనవరి 2002.

నా తల్లి హన్నాకి,

కొత్త సంవత్సరం నిన్ను చల్లగా చూడాలి.

ఫోటో పంపేను. గోడ మీద అది ఉన్నచోట తెల్లటి మరక మిగిలింది. అటు చూడకుండా తిరుగుతున్నాను. రాజోలు స్టూడియోలో తీయించుకున్నాం, నీకు గుర్తుందా? నువ్వు బయట పుల్ల ఐసు తింటూ నిలబడ్డావు. వాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి నేను వెనకాల నిలబడి భుజం మీద చెయ్యి వేసేను. "గట్టిగా వెయ్యమ్మా, ఎగిరిపోతానేంటి" అన్నాడు. గట్టిగా వెయ్యలేదు నేను. కొత్త చొక్కా నలుగుతుందని.

క్రిస్మసు ఆరాధనలో నీ పేరు చెప్పి స్తుతి ప్రార్థన చేయించేను. యాకోబు గారే చెయ్యాల్సి వచ్చింది! "మన సంఘపు బిడ్డ హన్నా ద్వారా యూనివర్సిటీ వారు ఫిలిప్పునకు సైటు ఇచ్చిన కారణమున" అని ఆయన నోటితో అంటుంటే నేను కళ్ళు మూసుకోలేదు, ఆయన ముఖమే చూసేను. బయటికొచ్చేక అడిగేరు, "మా అల్లుడు ఏళ్ళుగా హైదరాబాదులో తిరుగుతున్నాడు, వాడికి దొరకనిది మీకెలా దొరికిందండీ?" అని. మొదటిసారి నన్ను అండీ అన్నారు.

పాపారావు మావయ్య రాత అయిపోయింది. పెద్దది వద్దన్నావని చిన్నదే. 'ప్రభువునందు నిద్రించెను' అని వెయ్యమంటావా అన్నాడు. వాడు నిద్రపోవడం నేను చూళ్ళేదు, చూడనిది వెయ్యొద్దన్నాను. పోయిన తేదీ కూడా వద్దన్నాను. 'ఫిలిప్పు. ఎలీసమ్మ కొడుకు. పేర్లు రాసేవాడు.' అంతే ఉంది. ఎంత అందంగా ఉందో, ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి వెళ్తున్నారు.

సైటు ఎప్పుడు తెరుస్తారు?

మీ అమ్మ,
ఎలీసమ్మ.


హైదరాబాదు,
28 జనవరి 2002.

అమ్మకి,

ఊపిరాడనంత పని. ఫిబ్రవరి ఇరవయ్యో తారీకున పెద్ద హాల్లో సభ. ఆ రోజే వైస్ ఛాన్సలర్ గారు సైటు ప్రారంభిస్తారు. ఇతర రాష్ట్రాల నుంచి పెద్ద పెద్ద వాళ్ళు వస్తున్నారు.

ఫోటో చాలా బాగా వచ్చింది. వెనకాల ఉన్న అనవసరమైనదంతా కంప్యూటర్లో తీసేసి శుభ్రం చేశాను. ఇప్పుడు అన్నయ్య ఒక్కడే, వెనక సముద్రం రంగు. చూసినవాళ్ళంతా ఆగిపోతున్నారు. సార్ ఐతే "ఈ ముఖం మాట్లాడుతుందమ్మాయ్" అన్నారు. పోస్టర్లో ఏదో చిన్న మార్పు చెయ్యమన్నారు. పెద్ద విషయం కాదు.

పాపారావు మావయ్య రాసింది ఊళ్ళోవాళ్ళకి చూపించడం అయితే నాకు పోస్టులో పంపించు. మడత పెట్టకు.

ఈ సభ బాగా జరిగితే చదువవగానే ఇక్కడే ఉద్యోగం ఇప్పిస్తానని సార్ అన్నారు. ప్రార్థన చెయ్యి.

హన్నా.


తాటిపాక,
26 ఫిబ్రవరి 2002.

హన్నాకి,

ఇల్లు చేరేను. అక్కడ నన్ను చూడగానే, చెప్పకుండా వచ్చేసేవేంటన్నావు గదా, ఎందుకు చెప్పలేదో చెప్తాను విను.

మడత పెట్టకుండా పంపించమన్నావు. రాయిని మడత పెడతారా, పిచ్చిపిల్ల అనుకున్నాను. నేనే తెచ్చి నీ చేతిలో పెడితే నువ్వు ఎలా చూస్తావో చూడాలనిపించింది. సూరిబాబు గారి కొబ్బరికాయల లారీ హైదరాబాదు వస్తుంటే కాళ్ళావేళ్ళా పడి ఎక్కేను. రాయిని కాయల మధ్య పెట్టి గడ్డి కప్పేం. దారి పొడుగునా దాని మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాను. ఈసారి గట్టిగా వేసేను.

సభ రోజు మీ గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగేను, కొత్త సైటు ఎక్కడ బాబూ అని. "గదిగో, ఆడ పని నడుస్తున్నది" అని వేలు పెట్టి చూపించేడు. వెళ్ళేను. నువ్వు రాసినవన్నీ అక్కడ ఉన్నాయి. బోర్డు ఉంది. పార పట్టుకుని తవ్వుతున్న మనిషి ఉన్నాడు. నువ్వు అబద్ధం రాయలేదు అనుకున్నాను. ఇంటి దగ్గర చేసిన పనసాకు పొట్టిక్కల మూట విప్పి ఆ మనిషికి పెట్టేను. పాలమూరు వాళ్ళంట. తిన్నాక అడిగేను, మా అబ్బాయి చోటు ఏదయ్యా అని.

"ఎవరి చోటు లేదమ్మా ఈడ. క్యాంటీన్ కడుతున్నరు" అన్నాడు.

నువ్వు చెప్పింది చాలా మంచి చోటు గదా, వేరే ఎక్కడో ఉంటుంది అనుకుని, రాయి వాళ్ళ దగ్గర పెట్టి నిన్ను వెతుక్కుంటూ వచ్చేను. అప్పుడు చూసేను గోడల మీద. అన్ని గోడల మీదా వాడే. ఒక చెట్టుకి కూడా కట్టేరు. మన ఊళ్ళో గోడ మీద ముఖం వేస్తే కింద పేరు ఉంటుంది, ఎవరి కొడుకో ఉంటుంది, ఎప్పుడు రమ్మంటున్నారో ఉంటుంది. ఇక్కడ ఇంగ్లీషులో పెద్దగా ఏదో ఉంది. అది వాడి పేరే అనుకుని ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి ముద్దు పెట్టుకున్నాను. ఒక చదువుకునే పిల్ల అటు వెళ్తుంటే, ఏం రాసేరమ్మా అని అడిగేను.

"గుర్తు తెలియనివాడు అని ఆంటీ" అంది.

హన్నా, నేను ఆ పోస్టరు చాలాసేపు చూసేను. వాడి భుజం మీద నా చెయ్యి లేదు. వెనకాల అనవసరమైనదంతా తీసేసేనన్నావు. వెనకాల ఉన్నది నేనేనమ్మా. తల్లిని తీసేసి, పేరు తీసేస్తే ఎవడైనా గుర్తు తెలియనివాడే అవుతాడు. నువ్వైనా అంతే.

తర్వాత నువ్వు పరిగెత్తుకొచ్చి ఆ చల్లటి గదిలోకి తీసుకెళ్ళేవు. టీవీ లాంటి దాని ముందు కూర్చోబెట్టి "ఇదేనమ్మా సైటు" అన్నావు. పైనుంచి కిందకి మెల్లగా, ముందు వాడి జుట్టు, తర్వాత నుదురు, కళ్ళు. ముంపు తీస్తుంటే బయటపడుతున్నట్టు వచ్చేడు. అక్కడా పేరు లేదు. "కొవ్వొత్తి ఎక్కడ పెట్టనే" అని అడిగేను. నువ్వు సార్ పిలుస్తున్నారు, ఇక్కడే కూర్చో అని వెళ్ళేవు. ఆ గది కుర్రాడు "టైమైందమ్మా" అని అది ఆపేసేడు. మా అబ్బాయి ఎక్కడికెళ్ళేడు బాబూ అంటే "ఎక్కడికీ పోలేదు, అందులోనే ఉంటాడు" అన్నాడు. అయిదేళ్ళ నుంచీ ఆ సముద్రం గురించి కూడా నాతో అందరూ అదే మాట చెప్తున్నారు.

అందుకే నీకోసం ఆగలేదు.

ఊళ్ళో ఏం చెప్పమంటావు? ప్రార్థన చేయించేను గదా. నిన్న యాకోబు గారు దారిలో ఎదురై "సైటు ఎలా ఉందండీ, ఎన్ని గజాలు?" అన్నారు.

ఫిలిప్పు తల్లి,
ఎలీసమ్మ.


హైదరాబాదు,
6 మార్చి 2002.

అమ్మకి,

సభ మధ్యలో మూడుసార్లు బయటికి వచ్చి వెతికాను. గేటు దగ్గర "పెద్దమ్మ పోయింది" అన్నాడు వాచ్‌మన్. బస్టాండుకీ వెళ్ళాను. నువ్వు లేవు.

కంప్యూటర్లో చూసే సైటుని స్థలం అనుకుంటావని నాకు ఎలా తెలుస్తుంది? నువ్వు రాతపని అన్నావు, కాగితం మీద అనుకున్నాను. నువ్వు తూర్పు అన్నావు, నవ్వుకున్నాను. నేను రాసిన తవ్వే మనిషి తెర మీద కదిలే బొమ్మ. ఒక్కసారి బూతుకి వెళ్ళి ఫోను చేసి ఉంటే ఇదంతా జరిగేదా? తప్పంతా నా ఒక్కదానిదేనా?

పేరు నేను తీయలేదు. పేరు పెట్టే ఇచ్చాను, వాడి అక్షరాల్లోనే. సార్ కొట్టేశారు. "ఒక పేరు పెడితే ఒక ఇంటి గొడవ అవుతుంది. పేరు లేకపోతే పోయినవాళ్ళందరూ అవుతారు" అన్నారు. అప్పుడు అది నాకు గొప్ప మాటలా వినిపించింది. ఇప్పుడు చెబుతుంటే నాకే చేదుగా ఉంది. కాని ఆయన కాదంటే నాకు పని లేదు, చదువయ్యాక ఉద్యోగం లేదు. క్లయింటు చెప్పింది చెయ్యాలమ్మా. అన్నయ్య మాత్రం? నావ వాళ్ళు ఏ పేరు చెబితే ఆ పేరు రాయలేదా?

నీ చెయ్యి సంగతి. చెయ్యి ఉంచితే, వెనక మనిషి లేకుండా చెయ్యి ఒక్కటే ఉంటే బాగోదని తీసేశాను. పని ధ్యాసలో చేశాను. అది నీ చెయ్యి అని ఆ క్షణంలో నాకు తట్టలేదంటే నమ్మవు.

నిన్న సైటులో ఎవరికీ చెప్పకుండా పేరు మళ్ళీ పెట్టాను. చిన్నగా, కింద. 'ఫిలిప్పు. ఎలీసమ్మ కొడుకు. పేర్లు రాసేవాడు.' సార్ ఇంకా చూడలేదు.

రాయి ఇంటికి తీసుకెళ్ళావా? అంత బరువు ఒక్కదానివీ ఎలా మోశావు?

హన్నా.


తాటిపాక,
20 మార్చి 2002.

హన్నాకి,

వాడు ఏ పేరు చెబితే ఆ పేరు రాసేవాడు, నిజమే. పేరు తీసెయ్యమంటే మాత్రం కుంచె పట్టేవాడు కాదు. నావకి పేరు లేకపోతే మునిగినా ఎవరిదో తెలీదమ్మా అనేవాడు.

కింద చిన్నగా పెట్టేనన్నావు. దొంగతనంగా పెట్టిన పేరు ఎన్నాళ్ళుంటుంది?

ఫోటో పంపు. గోడ మీద మరక మీదికి దుమ్ము చేరుతోంది.

ఫిలిప్పు తల్లి.


హైదరాబాదు,
14 అక్టోబరు 2002.

అమ్మకి,

ఫోటో అందిందని ఒక్క ముక్క రాయలేదు నువ్వు. ఆ తర్వాత నా మూడు ఉత్తరాలకీ జవాబు లేదు. ఇది నాలుగోది.

సైటు పోయిందమ్మా. కేశవరావు సార్ సెంటరు నుంచి మారిపోయారు. కొత్తగా వచ్చినాయన పాతదంతా తీయించి వేరే వాళ్ళ చేత కొత్తది చేయించారు. అన్నయ్య ముఖం లేదు, కింద పెట్టిన పేరూ లేదు. నా దగ్గర దాచుకున్నదీ కంప్యూటరు పాడై పోయింది. ఉద్యోగం మాట ఎత్తేవాళ్ళు లేరు. పోస్టర్లు కూడా ఎక్కడా మిగల్లేదు. ఒకటి హాలు వెనకాల కనిపిస్తే తెచ్చుకుందామని వెళ్ళాను. దాని మీద ఎవరో ఎన్నికల కాగితం అంటించారు. గీకితే ఒక చెవి వచ్చింది.

కొత్త క్యాంటీన్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇక్కడ టీ బాగుంటుంది, రోజూ వస్తాను. చుట్టూ అందరూ నవ్వుతూ ఉంటారు, వాళ్ళ మధ్య నేనొక్కదాన్నే కూర్చుంటాను. వానా తుఫానూ ఏమీ చెయ్యలేవని నీకు రాసింది నేనే. వానా అక్కర్లేకపోయింది, తుఫానూ అక్కర్లేకపోయింది. ఎవరో ఒకాయన కుర్చీ మారాడు, అంతే. నువ్వు కొవ్వొత్తి పట్టుకుని నిలబడటం అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది.

ఆ రాయి ఏం చేశావో అదొక్కటైనా చెప్పు. పాపారావు మావయ్యని అడిగితే తన దగ్గరికి రాలేదన్నాడు. పారేశావా?

హన్నా.


తాటిపాక,
24 అక్టోబరు 2002.

నా కూతురు హన్నాకి, మీ అమ్మ రాసేది.

జవాబు రాయకపోవడం నా పంతం. ఫోటో వచ్చింది. చెయ్యి ఉంది.

నీ ఉత్తరం చదివి ముందు మంచిదే అయిందనుకున్నాను. నీకూ తెలియాలి అనుకున్నాను. తర్వాత ఆ చెవి మాట మళ్ళీ చదివేను. నువ్వు గీకుతున్నది నాకు కనిపించింది.

రాయి పారెయ్యలేదు. చెప్తాను.

ఆ రోజు ఆ చల్లటి గదిలోంచి బయటికొచ్చి మళ్ళీ పాలమూరు వాళ్ళ దగ్గరికే వెళ్ళేను. అంత ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు వాళ్ళే. రాయి పక్కన కూర్చుని ఏడిస్తే ఆడవాళ్ళు తట్టలు దింపి చుట్టూ చేరేరు. అంతా చెప్పేను. సైటు అంటే నేను ఏమనుకున్నానో చెప్పేను. వాళ్ళు నవ్వలేదు. వాళ్ళకీ సైటు అంటే అదే గదా. ఆ తవ్వే మనిషి పార గుచ్చి నిలబెట్టి, "మళ్లా ఎత్తుకపోతవా అమ్మా గంత బరువు? మాకు పునాదికి రాయి గావాలె. నీకు చోటు గావాలె. ఇద్దరికి అయితది" అన్నాడు.

తూర్పు మూల తవ్వి ఉంది. అక్షరాలు తూర్పు వైపుకి పెట్టమన్నాను. వాళ్ళకి చదువు రాదు, ఏ వైపు పైకో నేనే వేలుతో చూపించేను. సున్నం పూసినట్టు చుట్టూ సిమెంటు పట్టించేరు. ఆడవాళ్ళు కొంగులు నెత్తిన వేసుకున్నారు. నేను ప్రార్థన చేసేను, పాదిరి గారు చేసే మాటలు నాకు వచ్చినంత వరకు. ముందు నేను ఒక పిడికెడు మట్టి వేసేను. తర్వాత వాళ్ళందరూ తలా పిడికెడు వేసేరు. ఆఖర్ని ఆ మనిషి పారతో కప్పేసేడు. యాకోబు గారు లేరు, సంఘం లేదు, దేహం లేదు. నా బిడ్డకి మట్టి దక్కింది.

నీకు అప్పుడే చెప్పకపోవడం కావాలనే. హాల్లో వాణ్ణి గుర్తు తెలియనివాడని చూపిస్తున్న వేళకి బయట వాడి పేరుకి మట్టి వేస్తున్నాం, ఆ సంగతి నీకు తెలియక్కర్లేదు అనుకున్నాను. నీ సైటు నీకు, నా సైటు నాకు అనుకున్నాను. అంత కోపం ఉంది నాకు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు, దాచి రాయను.

ఊళ్ళో మాత్రం యాకోబు గారికి చెప్పేను, సైటు బాగుందండి, తూర్పు మూల, పైన గట్టి కట్టడం వచ్చింది అని. ఎన్ని గజాలో చెప్పలేదు.

నువ్వు టీ తాగే క్యాంటీన్ అదే హన్నా. రోజూ వెళ్తున్నావు. నీకు తెలియకుండానే రోజూ వాడి దగ్గర కూర్చుంటున్నావు.

వచ్చే నెల రెండో తారీకున సమాధుల పండగ. నేను ఇక్కడ మీ నాన్న దగ్గర ఒక్కటే వెలిగిస్తాను. రెండోది నువ్వు కొనుక్కో. తూర్పు మూల, బయటి వైపు, గోడ మొదట్లో పెట్టు. ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టు.

ఎవరో ఒకళ్ళు వచ్చి ఇదేంటి, ఎవరికోసం అని అడుగుతారు. మీ సార్ లాంటి వాళ్ళే అడగొచ్చు. పేరు చెప్పు. ఈసారి పేరు చెప్పు.

మీ ఇద్దరి అమ్మ,
ఎలీసమ్మ.